దున్నేవాడి చేతికి భూమి: తూర్పు ఆసియా ఎదుగుదలకు అసలు పునాది

తూర్పు ఆసియా దేశాల ఆధునిక చరిత్రను మనం సాధారణంగా కర్మాగారం గేటు దగ్గర మొదలుపెడతాం. జపాన్ కార్లు, దక్షిణ కొరియా ఓడలు, తైవాన్ చిప్‌లు, చైనా ఎగుమతులు మన కళ్లముందు ఉంటాయి కాబట్టి, ఆ దేశాలు ఎలా ఎదిగాయన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే వెతుకుతాం. యుద్ధంలో కాలి బూడిదైన దేశాలు ఒక్క తరంలో లేచి నిలబడ్డాయంటే దానికి పారిశ్రామిక విధానమో, క్రమశిక్షణో, అమెరికా డాలర్లో కారణమని సరిపెట్టుకుంటాం. నా వాదన వేరు. ఈ కథ 1946కూ 1953కూ మధ్య వరిపొలాల్లో మొదలైంది. జపాన్, దక్షిణ కొరియా, తైవాన్ ఆ ఏడెనిమిదేళ్లలో కౌలు వ్యవస్థను దాదాపు తుడిచిపెట్టి, సేద్యం చేసే కుటుంబాలకే భూమి దఖలుపరిచాయి. ఆ తర్వాత వచ్చిన బడులకూ పరిశ్రమలకూ, ఆలస్యంగానైనా వచ్చిన ప్రజాస్వామ్యానికీ అదే నేల చదును చేసింది. అయితే భూమి పంచడం ఒక్కటే చాలదు. పంచిన భూమి మీద రైతు హక్కు నిలిచిన చోట ఫలితం ఒకలా, దాన్ని రాజ్యం తిరిగి లాక్కున్న చోట ఇంకోలా వచ్చింది. ఈ తేడాను పట్టించుకోకుండా తూర్పు ఆసియా గురించి చెప్పే ఏ సిద్ధాంతమైనా అసంపూర్ణమే.

సంస్కరణకు ముందు జపాన్ పల్లె ఎలా ఉండేదో ముందు చూడాలి. మెయిజీ ప్రభుత్వం 1873లో భూమి శిస్తును నగదుగా కట్టాలని శాసించింది. 1880ల మొదట్లో ఆర్థికమంత్రి మత్సుకతా ధరలను కిందికి దించే విధానం అమలు చేయడంతో ధాన్యం ధర పడిపోయింది. శిస్తు మాత్రం అలాగే ఉంది. అప్పుల్లో మునిగిన చిన్న రైతులు భూములు పోగొట్టుకుని, అవే భూములను కౌలుకు చేయసాగారు. 20వ శతాబ్దం మొదటి దశాబ్దం ముగిసేసరికి దేశంలోని సాగుభూమిలో సుమారు 45 శాతం కౌలు కింద ఉంది. వరిపొలానికి పంటలో దాదాపు సగం కౌలుగా కొలవాల్సి వచ్చేది. 1918లో తొయామా తీరంలోని జాలరి కుటుంబాల స్త్రీలు మొదలుపెట్టిన బియ్యం అల్లర్లు దేశమంతా పాకి, తెరౌచి మంత్రివర్గాన్ని దించేశాయి. 1922లో కగావా తొయోహికో, సుగియామా మొతోజిరో కలిసి జపాన్ రైతు సంఘాన్ని స్థాపించారు. కౌలు తగాదాలు ఏటికేడు పెరిగాయి. 1930ల మాంద్యంలో ఈశాన్య జపాన్ పల్లెలు ఆకలితో అల్లాడాయి. ఆ పల్లెల దైన్యాన్ని సైన్యంలోని యువ అధికారులు 1936 ఫిబ్రవరి తిరుగుబాటుకు సాకుగా వాడుకున్నారు. జపాన్ సైనిక దురాక్రమణకు కారణాలు చాలా ఉన్నాయి. పల్లెలోని ఈ అసంతృప్తి వాటిలో చిన్నదేమీ కాదు.

కొరియా, తైవాన్ రైతులకు దీనికి తోడు వలస పాలన బరువు కూడా ఉంది. కొరియాలో జపాన్ 1910 నుంచి 1918 వరకు భూముల సర్వే జరిపి, హక్కు పత్రాలను తన పద్ధతిలో రాయించింది. 1908లో పుట్టిన ఓరియంటల్ డెవలప్‌మెంట్ కంపెనీ అక్కడ అతిపెద్ద భూస్వాముల్లో ఒకటయింది. 1930ల నాటికి కొరియా రైతు కుటుంబాల్లో నాలుగింట మూడు వంతులు పూర్తిగానో పాక్షికంగానో కౌలు మీదే బతికేవి. దక్షిణ జొల్లా తీరంలోని అమ్తే దీవిలో కౌలుదారులు 1923–24లో ఏడాదిపాటు పోరాడితే, పంటలో ఏడెనిమిది పాళ్లున్న కౌలు నాలుగు పాళ్లకు దిగింది. నీటిపారుదల పెరిగింది, దిగుబడి పెరిగింది, కానీ పెరిగిన బియ్యం ఓడలెక్కి ఒసాకాకు వెళ్లింది. కొరియన్లు తినే తలసరి బియ్యం తగ్గింది, దాని స్థానంలో మంచూరియా చిరుధాన్యాలు వచ్చాయి. తైవాన్‌లోనూ సారవంతమైన పొలాలకు పంటలో సగానికి మించి కౌలు ఉండేది. నోటిమాట ఒప్పందాలు, ముందస్తు బయానాలు, ఎప్పుడైనా పొలం నుంచి వెళ్లగొట్టే అధికారం భూస్వామి చేతిలోనే ఉండేవి.

జపాన్ ఓటమి తర్వాత మార్పు వేగంగా వచ్చింది. 1945 డిసెంబరు 9న ఆక్రమణ సేనల అధిపతి మెక్‌ఆర్థర్ కార్యాలయం భూసంస్కరణకు ఆదేశమిచ్చింది. దీన్ని అమెరికా బలవంతంగా రుద్దిందని చాలామంది అనుకుంటారు, అది సగం నిజమే. జపాన్ వ్యవసాయశాఖ అధికారులు ఇరవై ఏళ్లుగా ఈ ఆలోచనతోనే ఉన్నారు. యుద్ధకాలంలోనే కౌలును నియంత్రించి, ధాన్య సేకరణలో భూస్వామి కంటే సాగుదారుకు ఎక్కువ ధర ఇచ్చారు. వామపక్ష భావాల అనుమానంతో 1941లో జైలుపాలైన వాదా హిరో అనే అధికారి సంస్కరణ రూపకల్పనలో ముందుండి, 1946లో వ్యవసాయ మంత్రి అయ్యాడు. మొదటి చట్టం బలహీనంగా ఉందని తేలాక, 1946 అక్టోబరులో రెండో చట్టం వచ్చింది. ఊళ్లో ఉండని భూస్వామి కౌలుభూమినంతా, ఊళ్లో ఉండేవారి కౌలుభూమిలో ఒక చో, అంటే సుమారు హెక్టారు, మినహా మిగిలినదంతా ప్రభుత్వం కొని కౌలుదారులకు అమ్మింది. హొక్కయిదోలో మాత్రం ఈ మినహాయింపు నాలుగు చో. చట్టం వస్తుందని తెలిసి బంధువుల పేర రాయించుకున్నవారికి దారి మూసేందుకు 1945 నవంబరు 23 నాటి యాజమాన్యాన్ని ప్రాతిపదికగా తీసుకునే నిబంధన పెట్టారు.

చట్టం కంటే దాన్ని అమలు చేసిన తీరు ఇంకా ముఖ్యం. ప్రతి ఊరికీ ఎన్నికైన భూమి కమిటీ ఏర్పడింది. అందులో ఐదుగురు కౌలుదారులు, ముగ్గురు భూస్వాములు, ఇద్దరు స్వంత సాగుదారులు ఉండేవారు. ఏ మడి ఎవరిదో, ఎవరు ఎన్నేళ్లుగా దున్నుతున్నారో పట్టణంలోని గుమాస్తాకు తెలియదు. ఊళ్లోవాళ్లకు తెలుసు. ఆ తెలివికి చట్టబద్ధమైన అధికారం ఇచ్చి, అందులో సగం ఓట్లు కౌలుదారులకు కేటాయించారు. ధర 1945 నాటి లెక్కల మీద ఖరారైంది. ఆపై ద్రవ్యోల్బణం ఆ ధరను నామమాత్రం చేసేసింది. 1950 నాటికి సుమారు 20 లక్షల హెక్టార్లు చేతులు మారాయి, కౌలుభూమి వాటా 46 శాతం నుంచి 10 శాతానికి దిగింది. ఇదంతా పెద్దగా రక్తం చిందకుండా జరిగింది. బ్రిటిష్ సామాజికశాస్త్రవేత్త రొనాల్డ్ డోర్ 1959లో ప్రచురించిన గ్రంథం ఈ మార్పు పల్లె మర్యాదలను, తలవంచి నిలబడే అలవాటును ఎంత లోతుగా కదిలించిందో వివరించింది.

దక్షిణ కొరియాలో ఒత్తిడి ఉత్తరం నుంచి వచ్చింది. 1946 మార్చి 5న ఉత్తర కొరియాలో ఐదు జొంగ్‌బోలకు (ఒక జొంగ్‌బో సుమారు హెక్టారు) మించిన భూస్వాముల భూములను పరిహారం లేకుండా స్వాధీనం చేసుకుని, నెల తిరక్కుండానే పంచేశారు. ఆ వార్త దక్షిణాన ప్రతి కౌలుదారు చెవినా పడింది. అమెరికా సైనిక ప్రభుత్వం కౌలును పంటలో మూడో వంతుకు పరిమితం చేసి, 1948 వసంతంలో మాజీ జపాన్ భూములను కౌలుదారులకు వాయిదాలపై అమ్మింది. ఆ ఏడాది రాజ్యాంగమే వ్యవసాయ భూమిని రైతులకు పంచాలని రాసుకుంది. మొదటి వ్యవసాయ మంత్రి చో బాంగ్-అమ్, ఒకప్పటి కమ్యూనిస్టు, ముసాయిదా తయారుచేయించాడు. 1949లో చట్టమై 1950 మార్చిలో సవరణ పొందిన ఆ శాసనం ప్రకారం ఏ కుటుంబానికైనా మూడు జొంగ్‌బోలే పరిమితి. ధర ఏడాది పంటకు ఒకటిన్నర రెట్లు, ఐదేళ్లలో ధాన్యంగా కట్టాలి. జూన్‌లో యుద్ధం మొదలైంది. భూస్వాములకు ఇచ్చిన బాండ్ల విలువ యుద్ధకాలపు ద్రవ్యోల్బణంలో కరిగిపోయింది. చట్టం వస్తుందన్న భయంతో ముందే అమ్ముకున్న భూములు కూడా తక్కువేమీ కాదు. ఎలా చూసినా, 1950ల మొదటికి కొరియా భూస్వామి వర్గం ఒక శక్తిగా మిగల్లేదు. చో బాంగ్-అమ్‌ను మాత్రం సింగ్‌మన్ రీ ప్రభుత్వం గూఢచర్య నేరం మోపి 1959లో ఉరితీసింది. 2011లో దక్షిణ కొరియా సుప్రీంకోర్టు అతన్ని నిర్దోషిగా ప్రకటించింది.

తైవాన్ ఉదాహరణ నా వాదనకు అన్నిటికంటే బలమైనది. కౌలు 37.5 శాతానికి మించకూడదని కువొమింతాంగ్ ప్రభుత్వం చైనాలో 1930లోనే చట్టం రాసుకుంది. ఆ పార్టీకి ఊళ్లలో దన్నుగా ఉన్నది భూస్వాములే కాబట్టి అది కాగితం దాటలేదు. రైతాంగాన్ని పోగొట్టుకున్న ఆ పార్టీ చివరకు దేశాన్నే పోగొట్టుకుంది. అదే పార్టీ, అదే 37.5 శాతాన్ని 1949లో తైవాన్‌లో గవర్నర్ చెన్ చెంగ్ చేతుల మీదుగా నెలల్లో అమలు చేసింది. 1951లో ప్రభుత్వ భూములు అమ్మింది. 1953లో దున్నేవారికే భూమి చట్టం తెచ్చి, మధ్యరకం వరిపొలం మూడు హెక్టార్ల లోపుకు పరిమితం చేసి, మిగిలిన కౌలుభూమిని సుమారు 1 లక్షా 95 వేల కుటుంబాలకు అందించింది. భూస్వాములకు పరిహారంలో 70 శాతం వరి, చిలగడదుంపల లెక్కన చెల్లించే బాండ్లు, 30 శాతం సిమెంటు, కాగితం వంటి నాలుగు ప్రభుత్వ సంస్థల వాటాలు ఇచ్చారు. అలా కొంత భూస్వామ్య సొమ్ము పరిశ్రమలోకి మళ్లింది. పార్టీ మారలేదు, నాయకుడు మారలేదు, సంస్కృతి మారలేదు. మారిందల్లా ఒక్కటే: తైవాన్‌లో ఆ పాలకులకు సొంత భూములు గానీ, భూస్వామి బంధువులు గానీ లేరు.

ఈ సంస్కరణలు ఏం సాధించాయి? మొదట, పంటలో సగం పోగొట్టుకునే కుటుంబానికి ఆ సగం ఇంట్లోనే మిగిలింది. ఆ డబ్బుతో ఎరువు, కుట్టుమిషను, రేడియో, అన్నిటికంటే ముఖ్యంగా పిల్లల చదువు కొన్నారు. దేశీయ పరిశ్రమకు తొలి మార్కెట్ ఈ పల్లెలే. రెండు, డబ్బున్నవాడు భూమి కొని కౌలు తింటూ కూర్చునే దారి మూసుకుపోయింది. పెట్టుబడి వేరే చోటు వెతుక్కోక తప్పలేదు. మూడు, పన్నులనూ బడులనూ పరిశ్రమలనూ అడ్డుకోగల గ్రామీణ ప్రభువర్గం లేకపోవడంతో రాజ్యానికి స్వేచ్ఛ దొరికింది. దక్షిణ కొరియాలో స్వాతంత్ర్యం నాటికి చదవడం వచ్చినవాళ్లు మైనారిటీ. 1960 నాటికి బడి ఈడు పిల్లల్లో దాదాపు అందరూ ప్రాథమిక పాఠశాలలో ఉన్నారు. ఆ చదువుకున్న తరమే తర్వాత కర్మాగారాలకు వెళ్లింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. భూమి పంపకం వల్ల దిగుబడి నేరుగా అంతగా పెరగలేదని, పెరిగినదానికి ఎరువులు, కొత్త వంగడాలు, నీళ్లు కారణమని కొందరు ఆర్థిక చరిత్రకారులు లెక్కలు చూపారు. అదే పొలాన్ని అదే కుటుంబం ముందూ దున్నింది, తర్వాతా దున్నింది, కాబట్టి తేడా ఎందుకు రావాలని వారి ప్రశ్న. ఈ లెక్కలను నేను తోసిపుచ్చను. కానీ అవి కొలిచింది బస్తాలను. సంస్కరణ ప్రధాన ఫలితం ఆ బస్తాలు ఎవరి గాదెలోకి వెళ్లాయన్నది. పైగా ఎరువుకూ వంగడానికీ రైతు డబ్బు పెట్టాలంటే పెరిగిన పంట తనదేనన్న భరోసా కావాలి. జపాన్ వ్యవసాయ సహకార సంఘాలు, తైవాన్ రైతు సంఘాలు, 1948లో ఏర్పడిన చైనా–అమెరికా గ్రామీణ పునర్నిర్మాణ సంయుక్త కమిషన్ చేసిన విస్తరణ సేవ చిన్న సొంతదారుల పల్లెలో పనిచేసినట్టు కౌలుదారుల పల్లెలో పనిచేయగలిగేది కాదు.

చైనా, ఉత్తర కొరియా అనుభవాలు ఈ వాదనకు అసలైన పరీక్ష. 1950 జూన్ చట్టం తర్వాత చైనాలో సుమారు 30 కోట్ల మంది రైతులకు దాదాపు 4 కోట్ల 70 లక్షల హెక్టార్లు అందాయి. అందుకున్నవారి సంఖ్యలో ప్రపంచ చరిత్రలోనే ఇంత పంపకం జరగలేదు. అయితే అక్కడ కమిటీల్లో లెక్క తేలలేదు, బహిరంగ విచారణల్లో లక్షల మందిని చంపారు. ఆ హింసను భూసంస్కరణకు అనివార్యమైన ధర అనడం తప్పు. జపాన్, తైవాన్ ఆ ధర చెల్లించకుండానే పంచాయి. అంతకంటే విషాదం, ఇచ్చిన భూమిని కొన్నేళ్లకే తిరిగి తీసుకున్నారు. 1956 నాటికి సహకార క్షేత్రాలు, 1958లో కమ్యూన్లు వచ్చాయి. 1959–61 కరవులో చనిపోయినవారు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల వరకు ఉంటారని వేర్వేరు అంచనాలు. 1978 చివర్లో అన్హుయ్ రాష్ట్రం షియావ్‌గాంగ్ ఊళ్లో 18 కుటుంబాలు పొలాలను ఇంటింటికీ పంచుకుంటూ రహస్యంగా వేలిముద్రలు వేశాయి. ఆ పద్ధతి దేశమంతా పాకింది. 1978లో 30 కోట్ల టన్నులకు కాస్త పైనున్న ధాన్యం ఉత్పత్తి 1984లో 40 కోట్ల టన్నులు దాటింది. ఉత్తర కొరియా దక్షిణం కంటే ముందే, ఇంకా సమూలంగా పంచి, 1958కల్లా అంతా సామూహికం చేసింది. 1990ల మధ్యలో అక్కడ లక్షల మంది ఆకలితో పోయారు. ఒకే జాతి, ఒకే భాష, దాదాపు ఒకే కాలంలో పంపకం. తేడా అంతా ఆ తర్వాత రైతుకు ఏం మిగిలిందన్న దాంట్లో ఉంది.

కన్ఫ్యూషియన్ సంస్కృతి, కష్టపడే గుణం వీరి రహస్యమన్న వాదన మన దేశంలోనూ బాగా వినిపిస్తుంది. కానీ 1919 మే నాలుగో ఉద్యమంలో చైనా యువకులు తమ దేశం వెనకబాటుకు కారణం ఈ కన్ఫ్యూషియన్ సంప్రదాయమేనని ఆరోపించారు. ఒకే కారణం అటు పతనానికీ ఇటు ఎదుగుదలకూ చెల్లుబాటు కాదు. వలస పాలన పునాది వేసిందనేవారూ ఉన్నారు. తైవాన్‌లో జపాన్ ఇంజనీరు హత్తా యొయిచి కట్టించిన జియానాన్ కాలువలు, పోన్లాయ్ వరి, రైలుమార్గాలు, భూమి రికార్డులు నిజమే, సంస్కరణకు అవి ఉపయోగపడ్డాయి కూడా. అయినా వలస కాలంలో ఆ కాలువ నీళ్లు కౌలుదారు కంచంలోకి బియ్యం తేలేదు. అమెరికా సాయమూ పెద్దదే, తైవాన్‌కు 1951 నుంచి 1965 వరకు ఏటా సగటున పది కోట్ల డాలర్లు అందాయి. దక్షిణ వియత్నాం, ఫిలిప్పీన్స్‌కూ అమెరికా డబ్బు ధారాళంగానే పారింది. హాంకాంగ్, సింగపూర్ భూసంస్కరణ లేకుండానే ఎదిగాయి కదా అంటే, అవి పల్లెలు లేని ఓడరేవు నగరాలు. అక్కడ కూడా నేల మీద పట్టు ప్రభుత్వానిదే, ఆ పట్టుతోనే సామాన్యులకు ఇళ్లు కట్టించారు.

నియంతృత్వం వల్లే ఇది సాధ్యమైందన్న వాదన ఇంకా ప్రమాదకరమైనది. తైవాన్‌లో 1947 ఫిబ్రవరి 28 మారణకాండ, కొరియాలో జేజు దీవి ఊచకోత ఈ సంస్కరణల నీడలోనే జరిగాయి, వాటిని మరవకూడదు. కానీ నియంతృత్వమే భూమి పంచగలిగితే మిగిలిన నియంతలంతా పంచేవారే. దక్షిణ వియత్నాంలో అధ్యక్షుడు జీమ్ 1956లో భూపరిమితిని 100 హెక్టార్ల దగ్గర పెట్టాడు. జపాన్ సంస్కరణలో పనిచేసిన రాబర్ట్ హార్డీ 1952లో ఫిలిప్పీన్స్ కౌలు వ్యవస్థపై నివేదిక రాసి సమూల మార్పు కోరితే అక్కడి పాలకులు మండిపడ్డారు. 1955 చట్టంలో వాళ్లు పెట్టుకున్న పరిమితి 300 హెక్టార్లు. 1972లో సైనిక శాసనం కింద మార్కోస్ ప్రకటించిన సంస్కరణ వరి, మొక్కజొన్న భూములకే పరిమితమై, చెరకు తోటల ప్రభువులను ముట్టుకోలేదు. అటు జపాన్‌లో ఈ పని చేసింది పార్లమెంటు చట్టం, ఎన్నికైన ఊరి కమిటీలు. కాబట్టి నిర్ణాయకం పాలన రూపం కాదు, పాలకులకూ భూస్వాములకూ ఉన్న బంధం తెగిందా లేదా అన్నదే.

ఈ సంస్కరణల లోపాలను దాచనక్కర్లేదు. జపాన్ అడవి భూములను తాకలేదు, కొండ పల్లెల్లో పాత పెద్దరికం నిలిచింది. పట్టాలు ఎక్కువగా ఇంటి యజమాని పేరనే వచ్చాయి, పొలంలో పని చేసే ఆడవాళ్ల పేర్లు కాగితంలో లేవు. భూమి ఇచ్చిన రాజ్యమే తర్వాత రైతును పిండింది. తైవాన్‌లో 1973 దాకా ఎరువు కావాలంటే ప్రభుత్వం చెప్పిన ధరకు వరి ఇచ్చి మార్చుకోవాల్సి వచ్చేది. దక్షిణ కొరియాలో పట్నం కూలి తక్కువగా ఉంచేందుకు బియ్యం ధరను అణిచారు. ఊళ్ల నుంచి సియోల్ కుట్టుశాలలకు చేరిన ఆడపిల్లల దుస్థితికి నిరసనగా 1970 నవంబరులో చొన్ తే-ఇల్ అనే యువ దర్జీ తనకు తాను నిప్పంటించుకున్నాడు. చిన్న కమతాలు ఈనాడు ముసలి రైతుల చేతుల్లో మిగిలాయి. ఇవన్నీ నిజాలే. ఇవి సంస్కరణ చేయకూడదని చెప్పవు, ఒకసారి చేసి వదిలేస్తే చాలదని చెబుతాయి.

ఈ చరిత్రకు మన నేలతో నిజమైన బంధం ఒకటుంది. జపాన్, తైవాన్ సంస్కరణలకు సలహాదారుగా పనిచేసిన వుల్ఫ్ లాడెజిన్‌స్కీ 1950ల మొదట్లోనే భారతదేశానికి వచ్చాడు. 1965లో ప్రణాళికా సంఘం కోసం, దిగుబడి పెంచేందుకు ఎంపిక చేసిన ప్యాకేజీ జిల్లాల కౌలు పరిస్థితులపై నివేదిక రాశాడు. పశ్చిమ గోదావరి ఆ ప్యాకేజీ జిల్లాల్లో ఒకటి. నోటిమాట కౌళ్లు, రికార్డుల్లో లేని సాగుదారులు, హెచ్చు పాలు, ఇవే అతను ఎత్తిచూపిన జబ్బులు. మన 1973 భూపరిమితి చట్టం మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు ఉంచింది. తూర్పు ఆసియాలో పరిమితి ఏడెనిమిది ఎకరాలు. మనకు చర్చ నడిచిన ఏళ్లలో బినామీ బదిలీలు సాగిపోయాయి, జపాన్‌లో వెనకటి తేదీ ఆ దారి మూసింది. మన చట్టాన్ని రెవెన్యూ కార్యాలయం నడిపింది, అక్కడ కౌలుదారుల ఓటు నడిపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒకసారి, 2019లో మరోసారి సాగుదారు గుర్తింపుకు చట్టాలు చేసుకోవాల్సి వచ్చిందంటే ఆ 1965 నివేదిక ఇంకా పాతబడలేదన్నమాట.

ఈ అనుభవాలన్నిటినీ కలిపి చూస్తే తేలేది స్పష్టమే. తూర్పు ఆసియా ఎదుగుదలకు సంస్కృతీ సాయమూ క్రమశిక్షణా తోడు నిలిచి ఉండవచ్చు. కానీ పునాది వేసింది తక్కువ పరిమితి, బిగువైన గడువు, ఊళ్లో కౌలుదారుకు అధికారం, ఆపై రాజ్యం తిరిగి లాక్కోలేని హక్కు. ఈ నాలుగింట్లో మొదటి మూడూ లేక ఫిలిప్పీన్స్ వెనకబడింది. నాలుగోది లేక చైనా కోట్ల ప్రాణాలు పోగొట్టుకుంది. దక్షిణ కొరియా రాజ్యాంగం 121వ అధికరణం దున్నేవారికే భూమి అన్న సూత్రాన్ని ఇప్పటికీ నిలుపుకుంది. ఆ దేశాల కర్మాగారాలను చూసి పాఠాలు నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా ఆ ఒక్క వాక్యం వెనకున్న చరిత్రను చదవాలి.